తోటలో గదికి వైఫై: గీతలు మూడు, క్లాసు ముక్కలు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా హైస్కూలు పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెబుతాను. ఆ టైముకి ఇంట్లో టీవీ, పిల్లలు, వచ్చేపోయేవాళ్ళు. అందుకని ఇంటి వెనక తోటలో, ఒకప్పుడు కొబ్బరికాయలు పోసుకునే గదిని బాగు చేయించుకుని అక్కడ కూర్చుంటున్నాను. ఇటుక గోడలు, పైన జింకు రేకులు. ఇంటి వెనక గోడ నుంచి 52 మీటర్లు, టేపు పెట్టి కొలిచాం. మధ్యలో పశువుల సాల, నాలుగు కొబ్బరి చెట్లు, ఒక జీడి చెట్టు. రౌటర్ ముందు హాల్లో టీవీ వెనక ఉంది. రౌటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ కొని గదిలో పెట్టాం. ఫోన్లో మూడు గీతలు నిండుగా కనిపిస్తాయి, కాని క్లాసు మొదలైన పది నిమిషాలకే నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని పిల్లలు అంటున్నారు. వాన పడిన రోజు అదీ లేదు. మా ఆయన ఇల్లంతా వైఫై పరిచే మూడు డబ్బాల మెష్ సెట్టు కొందామంటున్నారు. మా మరిది క్యాట్ 6 అనే రాగి నెట్ తీగ తెచ్చి కొబ్బరి చెట్ల మీదుగా లాగేస్తానంటున్నాడు. నెట్ ఇచ్చిన కుర్రాడేమో గదికి ఇంకో కనెక్షన్ తీసుకోమంటున్నాడు. ఎవరి మాట వినమంటారు? పేరు వేయకండి, మా అత్తయ్య మీ శీర్షిక చదువుతారు.

జవాబు: అమ్మా, మీ మరిది మాట సగం వినండి. తీగ లాగాలన్నది నిజం. కాని ఆ తీగ రాగిది కాకూడదు, కొబ్బరి చెట్ల మీదుగా అసలే పోకూడదు. మీ ఇంట్లో పుట్టిన వైఫైని రెండు గోడలు, ఒక సాల, ఐదు చెట్లు దాటించి గదిలోకి నెట్టాలని చూస్తున్నారు. దాన్ని నెట్టొద్దు. నెట్‌ని తీగ మీద గదిదాకా తీసుకెళ్ళి, వైఫైని ఆ గదిలోనే పుట్టించండి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ మూడు గీతల సంగతి. మీ ఫోన్లో కనిపించే గీతలు రౌటర్‌వి కావు, రిపీటర్‌వి. రిపీటర్ మీ పక్కనే ఉంది కాబట్టి గీతలు నిండుగానే ఉంటాయి. ఆ రిపీటర్‌కి అవతల ఇంట్లోని రౌటర్ ఎంత బాగా వినబడుతోందో ఆ గీతలు చెప్పవు. ఊరి చివర నిలబడ్డ దండోరా మనిషికి కబురే సగం సగం అందితే, వాడు ఎంత గట్టిగా డప్పు కొట్టినా మీకు చేరేది సగం కబురే కదా. పైగా చవక రిపీటర్లలో చాలావాటికి రౌటర్‌తో మాట్లాడటానికీ మీతో మాట్లాడటానికీ రేడియో ఒక్కటే. వింటున్నంతసేపు చెప్పలేదు, చెబుతున్నంతసేపు వినలేదు. ఉన్న వేగంలో సగం అక్కడే ఖర్చు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. సినిమా చూసేవాళ్ళకి నెట్ వస్తే చాలు. మీరు పాఠం చెప్పేవారు, మీ దగ్గర్నుంచి నెట్ వెళ్ళాలి. రౌటర్ గొంతు పెద్దది, చవక రిపీటర్ గొంతు చాలాసార్లు చిన్నది. రౌటర్ చెప్పింది రిపీటర్‌కి వినబడుతుంది, రిపీటర్ చెప్పింది రౌటర్‌కి సరిగా అందదు. అందుకే మీకు పిల్లల మాటలు బాగానే వస్తూ ఉండగా, పిల్లలకి మీ గొంతు మాత్రం ముక్కలవుతుంది. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే.

నమ్మకం కుదరాలంటే ఒక పని చేయండి. ఫోన్లో వైఫై సిగ్నల్ కొలిచే యాప్ ఏదైనా వేసుకోండి, చాలానే ఉచితంగా దొరుకుతాయి. రిపీటర్ స్విచ్ ఆపేసి, హాల్లో రౌటర్ దగ్గర మొదలుపెట్టి గదిదాకా మెల్లగా నడవండి. యాప్‌లో అంకె మైనస్‌లో కనిపిస్తుంది, పక్కన డీబీఎం అని ఉంటుంది, అది సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. పోయిన వేసవిలో నరసన్నపేట వైపు ఒక ఇంట్లో నేను ఇలాగే నడిచాను. వాళ్ళదీ మీ ఇంటి లాంటిదే, తోటకి బదులు కళ్ళం. రౌటర్ పక్కన మైనస్ 38. వెనక వరండాలో మైనస్ 64. వెనక గోడ దాటి పెరట్లో దిగేసరికి మైనస్ 73. గడ్డివాము దగ్గర మైనస్ 82. గది గుమ్మంలో మైనస్ 87. లోపలికెళ్ళి ఇనుప తలుపు మూసీ మూయగానే అంకె పోయి 'నెట్‌వర్క్ లేదు' అని వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన "ఏటి బాబూ, తలుపేస్తే పోద్దా?" అని మళ్ళీ తెరిచారు. మళ్ళీ మైనస్ 88 వచ్చింది. ఆ తలుపుని ఆయన నాలుగైదు సార్లు వేసి తీసి చూసుకున్నారు.

ఈ అంకెల్ని మామూలు లెక్కలా చూడకూడదు, లెక్కల టీచరు కాబట్టి మీకు చెప్పడం తేలిక, ఇది లాగరిథం. 3 తగ్గితే బలం సగం, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. వరండాలో మైనస్ 64, గుమ్మంలో మైనస్ 87 అంటే మధ్యలో ఆ బలం దాదాపు రెండువందల్లో ఒక వంతుకి పడిపోయింది. వీడియో క్లాసు తెగకుండా నడవాలంటే మైనస్ 67 దగ్గరో అంతకంటే మెరుగ్గానో ఉండాలి. మైనస్ 80 దాటాక వాట్సాప్ మెసేజ్ వెళ్తుందేమో గాని పాఠం వెళ్ళదు.

ఇక మీ గది పైకప్పు. జింకు రేకు రేడియోకి ఇనుప గోడతో సమానం, తరంగం తగిలి వెనక్కి పోవడమే. ఇటుక గోడ, కిటికీల్లోంచి దూరిందే మీ వాటా. ఇంటి వైపు కిటికీ ఉందో లేదో మీరు రాయలేదు. మీ ఇల్లు స్లాబు ఇల్లయితే దాని ఇనుప ఊచలు ఇంకొంత తింటాయి. వాన రోజున పోవడానికి కారణం వాన చినుకులు కావు, యాభై మీటర్ల దూరానికి చినుకులతో వైఫైకి వచ్చే నష్టం లెక్కలోకి రాదు. తడిసిన కొబ్బరి మట్టలు, జీడి ఆకులు, నీళ్ళు పీల్చుకున్న ఇటుకలు, ఇవీ అసలు దొంగలు. మామూలు రోజున అంచున నిలబడ్డ సిగ్నల్‌ని ఇవి కిందకి తోసేస్తాయి.

ఖర్చు లేని పని ఒకటి ముందు చేసేయండి. రౌటర్ని టీవీ వెనక నుంచి బయటకి తీయండి. వైరు అందినంత మేర వెనక గదుల వైపు, మనిషి ఎత్తులో, చుట్టూ ఇనుము లేకుండా పెట్టండి. రిపీటర్ని తోట గదిలోంచి తెచ్చి ఇంటి వెనక కిటికీ దగ్గర పెట్టండి, ఎందుకంటే దాని స్థానం మీ పక్కన కాదు, రౌటర్ మాట ఇంకా బాగా వినబడే చోటు. ఫోన్లో కనిపించే మీ వైఫై పేర్లలో 2.4 గిగాహెర్ట్జ్‌ది ఏదో దానికి కలవండి, 5 గిగాహెర్ట్జ్ గోడల దగ్గర త్వరగా చతికిలపడుతుంది. ఇవన్నీ చేస్తే కాస్త మెరుగవుతుంది. రోజుకి రెండున్నర గంటల క్లాసుకి సరిపోయేంత మెరుగవుతుందని మాత్రం నేను చెప్పను.

మీ ఆయన చెప్పిన మెష్ చెడ్డ సరుకేం కాదు. ఒకే కప్పు కింద నాలుగైదు గదుల ఇల్లయితే నేనూ అదే చెబుతాను. కాని మెష్ డబ్బాలు కూడా ఒకదానితో ఒకటి గాల్లోనే మాట్లాడుకుంటాయి. మీ సాల, మీ చెట్లు, మీ రేకులు వాటికీ అవే. డబ్బా ఖరీదు పెరిగినంత మాత్రాన గోడ పలచబడదు. మెష్ డబ్బాలని తీగతో కలిపితే అద్భుతంగా పనిచేస్తాయి, అంటే ఎలాగూ మళ్ళీ తీగ దగ్గరికే వచ్చాం. తీగ లాగాక మెష్ అవసరమే ఉండకపోవచ్చు. ఇంకో కనెక్షన్ అన్న కుర్రాడి సలహా కుర్రాడికి లాభం. నెలనెలా ఇంకో బిల్లు కడతారు, ఆ రెండు కనెక్షన్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తాయి కాబట్టి పోతే రెండూ కలిసే పోతాయి. షాపుకి వెళ్తే కరెంటు తీగల మీదుగా నెట్ పంపే ప్లగ్గుల జత చూపిస్తారు. ఇంటికీ గదికీ ఒకే మీటరు, ఒకే ఫేజు అయితే పనిచేయొచ్చు, బోరు మోటారు వేసినప్పుడల్లా దాని పని చూడాలి మరి. నేనైతే కొనను.

ఇప్పుడు మీ మరిది దగ్గరికి. దూరం లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. క్యాట్ 6 రాగి తీగ ఒక బిగిలో 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. మీకు 52 మీటర్లు, ఇంట్లో హాలు దాకా, గోడలెక్కి దిగడానికి ఇంకో ఇరవై ఇరవై ఐదు వేసుకోండి, అయినా వంద లోపే. నేనూ ఒకప్పుడు ఇదే లెక్క వేసుకుని మా ఇంటి మేడ నుంచి కళ్ళంలోని ధాన్యం గదికి నలభై మీటర్ల తీగ గాల్లో లాగాను. ఒక ఏడాది బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత మే నెలలో ఒక సాయంత్రం ఉరుములతో వాన. పిడుగు మా మీద పడలేదు, తీగ మీదా పడలేదు, రెండు పొలాల అవతల ఒక తాటి చెట్టు మీద పడింది. చెట్టు తల తెల్లారేదాకా కాలుతూనే ఉంది. పొద్దున్న ఇంట్లో రౌటర్ లేవలేదు, కళ్ళంలో స్విచ్ లేవలేదు, లాప్‌టాప్ లేచింది గాని దాని నెట్ రంధ్రం చచ్చింది. టార్చి వేసి చూశాను. లోపల వరసగా ఎనిమిది పిన్నులు ఉంటాయి, పసుపు రంగులో మెరుస్తూ. వాటిలో మూడు నల్లబడి ఉన్నాయి, ఒకటి సగం కరిగి పక్కదానికి అంటుకుపోయింది. కాలిన ప్లాస్టిక్ వాసన రెండు రోజులు పోలేదు.

ఎందుకిలా అయిందంటే, రెండు కట్టడాలకి రెండు ఎర్తులు. పిడుగు నేలలోకి దిగినప్పుడు ఆ చుట్టుపక్కల నేల వోల్టేజి అంతటా ఒకేలా పెరగదు, ఇక్కడ ఒకలా, నలభై మీటర్ల అవతల ఇంకోలా ఉంటుంది. ఆ తేడా సమం కావడానికి దారి వెతుకుతుంది. నేను స్వయంగా రాగి తీగతో దారి వేసి పెట్టాను. ఉత్తరాంధ్రలో ఏప్రిల్, మే నెలల సాయంకాలాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, పిడుగుల హెచ్చరిక మెసేజ్‌లు ఫోన్లకి వస్తూనే ఉంటాయి. ఒకే ఇంట్లో రాగి తీగ ఎంతైనా లాక్కోండి. రెండు కట్టడాల మధ్య వద్దు.

అన్నట్టు ఆ తీగలో ఇంకో మోసం కూడా బయటపడింది. స్వచ్ఛమైన రాగి అని డబ్బు తీసుకున్నారు. కాలిన ముక్క కోసి బ్లేడుతో గీకితే పైన ఎర్రగా, లోపల వెండిలా తెల్లగా కనబడింది, అల్యూమినియానికి రాగి పూత. ఇంట్లో వాడుకోవడానికి మీరు ఎప్పుడు నెట్ తీగ కొన్నా షాపులోనే ఒక పోగు గీకి చూడండి.

సరే, మీకు కావలసింది గాజు తీగ, ఫైబర్. మీ ఇంటికి నెట్ వస్తున్నదీ దాదాపు దాని మీదే. అందులో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. పిడుగు పడి నేల ఎంత అదిరినా ఆ గాజు పోగుకి సంబంధం లేదు. కేబుల్ని కోసి చూస్తే నల్లటి తొడుగు మధ్యలో వెంట్రుకంత పోగు ఒకటే, మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాని మీద మీ క్లాసులు వంద ఒకేసారి వెళ్ళినా అది గమనించదు.

అమరిక ఇది. హాల్లో రౌటర్‌కి వెనక ల్యాన్ అని రాసి ఉన్న రంధ్రాల్లో ఒకదాని నుంచి జానెడు నెట్ తీగ తీసి మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బాకి ఇవ్వాలి. అది కరెంటు సంకేతాన్ని వెలుగుగా మారుస్తుంది. అక్కడి నుంచి గదిదాకా ఫైబర్. గదిలో ఇలాంటి డబ్బానే ఇంకోటి, వెలుగుని మళ్ళీ నెట్ తీగలోకి మారుస్తుంది. అంతే. మీ కన్వర్టర్లు ఒక్క పోగు మీద పనిచేసే రకమైతే జతలో ఒకటి ఏ, ఇంకోటి బీ అని ఉండాలి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగు పంపి 1550 అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. షాపువాళ్ళు రెండూ ఏ ఇచ్చి పంపిన కేసులు నేను చూశాను, రెండు లైట్లూ వెలుగుతాయి గాని మూడోది వెలగదు, మనం తీగని తిట్టుకుంటాం. కవరు చించక ముందే చూసుకోండి.

తీగ మూతి రంగు కూడా చూసుకోవాలి. కన్వర్టర్లకి సాధారణంగా నీలం మూతి ఎస్‌సీ కనెక్టర్ పడుతుంది. మీ ఇంటికి నెట్ వచ్చే తీగది చాలావరకు ఆకుపచ్చ మూతి, దాని కొన కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటుంది. పచ్చని నీలంలో గుచ్చితే కుదురుకోదు, వెలుగు సగం బయటికి పోతుంది, కొన గీసుకుంటుంది. ఆ పచ్చ తీగ కంపెనీవాళ్ళది, దాన్ని ముట్టుకోవద్దు. మధ్యలో చీల్చి గదికి ఇంకో పాయ తీస్తే సరి అని ఎవరైనా అంటే వాళ్ళని మర్యాదగా టీ ఇచ్చి పంపించండి. కనెక్ట్ అయి ఉన్న ఫైబర్ కొనని కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. ఆ వెలుగు కంటికి కనబడదు, కనబడలేదు కదా అని దగ్గర పెట్టుకుంటారు.

కొనలు అతికించడం మన పని కాదు. మీ ఊళ్ళో కేబుల్ టీవీ, నెట్ చూసే కుర్రాళ్ళ దగ్గర స్ప్లైసింగ్ మిషన్ ఉంటుంది. ఇంకో కనెక్షన్ అమ్మబోయిన కుర్రాడినే పిలవండి, రెండు చివర్లకి నీలం మూతులు అతికించమని కూలి మాట్లాడుకోండి, పాపం అతనికీ ఏదో ఒకటి మిగలాలి. తీగ కొనేటప్పుడు లోహం లేని అవుట్‌డోర్ ఫైబర్ అని అడగండి. దొరక్క స్తంభాల మీద లాగే మామూలు డ్రాప్ కేబులే తెచ్చుకుంటే, దాని పక్కన అతికి ఉండే ఇనుప తీగని చీల్చి తీసేయండి. లోపలి బలపు పుల్లలు కూడా స్టీలువి కాకుండా ఎఫ్‌ఆర్‌పీవి, అంటే గాజు నార కలిపిన ప్లాస్టిక్‌వి ఉండేలా చూసుకోండి. ఇనుము ఉంటే రాగి తీగ కథే మళ్ళీ మొదలవుతుంది. పొడవు మీరు కొలిచిన దానికంటే పదిహేను మీటర్లు ఎక్కువ తీసుకోండి. మిగిలింది రెండు వైపులా సాసరంత చుట్టగా చుట్టి మేకుకి తగిలించుకోండి. వేలి చుట్టూ తిప్పి బిగించకూడదు, గాజు కదా. మీరు మెష్ సెట్టుకి ఎంత అనుకుంటున్నారో రాయలేదు గాని, ఈ ఏర్పాటంతా దానికంటే తక్కువలోనే తేలుతుందని నా అంచనా, గొయ్యి తవ్వే కూలి పక్కన పెడితే.

గొయ్యి అన్నాను కదా. ఔను, భూమిలోంచే. కొబ్బరి చెట్ల మీదుగా ఎందుకు వద్దో కవిటి మనిషికి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు ఉద్దానంలో చెట్లు ఎలా పడ్డాయో మీ ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చెబుతూ ఉంటారు. తుపాను దాకా ఎందుకు, మామూలు గాలికే కొబ్బరి చెట్టు ఊగుతుంది, తీగ సాగుతుంది, ఏదో ఒక మధ్యాహ్నం ఎండు మట్ట ఒకటి ఊడి సరిగ్గా దాని మీద పడుతుంది. కాయల దింపుకి చెట్టెక్కేవాళ్ళకి అది కాళ్ళకడ్డం. జీడి చెట్టుకి డబ్బా కడితే ఇక చెప్పొద్దు, ఒకసారి నేను అలాంటి డబ్బా మూత తీస్తే లోపల ఎర్ర చీమల గూడు, సర్క్యూట్ బోర్డు మీద బల్లి గుడ్లు రెండు. బయట ఏ డబ్బా పెట్టొద్దు, రెండు చివరలూ గోడ లోపలే తేలాలి.

మీది ఇసుక కలిసిన నేల, తవ్వడం తేలికే. అడుగున్నర లోతు, పార వెడల్పు చాలు. కొబ్బరి మొదళ్ళకి రెండు మీటర్ల దూరంగా దారి తిప్పండి, వేళ్ళ గుబురు అంతా మొదలు చుట్టూనే ఉంటుంది. సాల ముందు నుంచి కాకుండా వెనక నుంచి పోనివ్వండి, పశువుల గుంజలు పాతే చోటు ఎప్పుడూ మారుతుంది. గదికి వెళ్ళే కరెంటు తీగ కూడా భూమిలోనే ఉంటే దానికి అడుగు దూరం వదలండి. అంగుళం పైపు వేయండి, మూలల్లో ఎల్‌బో కాకుండా పైపునే వెడల్పుగా వంచండి. పైపు వేస్తున్నప్పుడే లోపల నైలాన్ తాడు ఒకటి పెట్టి ఉంచితే ఫైబర్ లాగడానికి పనికొస్తుంది, లాగాక ఇంకో తాడు లోపలే వదిలేయండి, రేపు తీగ మార్చాల్సి వస్తే మళ్ళీ తవ్వక్కర్లేదు. పైపు చివరలు వాన నీరు దిగకుండా కిందకి వంగి ఉండాలి, పందికొక్కులు దూరకుండా వాటిని ఎం-సీల్ లాంటిదానితో మూసేయాలి. పైపు మీద జానెడు మట్టి పోశాక ఒక వరస పాత ఇటుకలు పరిచి అప్పుడు పూడ్చండి. ఎప్పుడో ఎవరో గునపం వేస్తారు, ముందు ఇటుక తగిలితే ఆగుతారు.

గదిలోకి వచ్చాం. మీరు కొన్న రిపీటర్ వృథా అనుకోకండి. దాని కింద నెట్ తీగ గుచ్చే రంధ్రం ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. ఉంటే సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని పెట్టి కన్వర్టర్ నుంచి తీగ ఇవ్వండి. ఇప్పుడది గాల్లోంచి వినక్కర్లేదు, తీగలోంచి వింటుంది, ఆ మూడు గీతలు నిజమైన గీతలవుతాయి. అంతకంటే మేలు, ఇంట్లో పాత రౌటర్ ఏదైనా మూల పడి ఉంటే తీయండి. దాని అడ్రసుని 192.168.1.2 లాంటిదానికి మార్చండి, హాల్లో రౌటర్ 192.168.1.1 అయితేనే సుమా. అందులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే సెట్టింగు ఆపేయండి, లేకపోతే ఫోన్లకి అడ్రసులు రెండు రౌటర్లూ పంచి గందరగోళం చేస్తాయి. కన్వర్టర్ నుంచి వచ్చే తీగని వ్యాన్ (WAN) అని రాసి ఉన్న రంధ్రంలో కాదు, ల్యాన్ (LAN) రంధ్రంలో గుచ్చండి. మొదటి నెల దాని పేరు వేరేగా, 'తోట గది' అనో ఏదో పెట్టుకోండి, ఎక్కడి వైఫైలో ఉన్నారో మీకు తెలుస్తుంది.

రౌటర్ పెడితే ఇంకో సుఖం ఉంది. దానికి మిగిలిన ల్యాన్ రంధ్రం నుంచి మూడు మీటర్ల తీగ నేరుగా మీ లాప్‌టాప్‌కి ఇచ్చేయండి. కుర్చీలోంచి లేవకుండా పాఠం చెప్పే మనిషికి వైఫై ఎందుకమ్మా? వైఫై మీ ఫోన్‌కీ, మధ్యలో టీ తెచ్చేవాళ్ళ ఫోన్‌కీ ఉంటుంది. మీ లాప్‌టాప్‌కి నెట్ రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి పెట్టే అడాప్టర్ దొరుకుతుంది. వేగం గురించి బెంగ వద్దు, వీడియో క్లాసు పంపడానికి నాలుగు ఎంబీపీఎస్ ఉంటే ధారాళం, కావలసింది అది తెగకుండా ఉండటం.

కరెంటు పోతే అన్న ప్రశ్న మీరు అడగలేదు, అడగాల్సింది. ఇంట్లో నెట్ డబ్బా, రౌటర్, కన్వర్టర్, గదిలో కన్వర్టర్, రౌటర్, ఇన్నిట్లో ఒక్కటి ఆరిపోయినా క్లాసు పోతుంది. హాల్లో ఇన్వర్టర్ ఉంటే ఆ వైపు సరే. గదిలో రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. కొనే ముందు డబ్బాల అడాప్టర్ల మీద రాసి ఉన్నది చూడండి, రౌటర్‌కి చాలావరకు 12 వోల్టులు, కన్వర్టర్‌కి 5 వోల్టులు అని ఉంటుంది, తారుమారైతే 5 వోల్టుల డబ్బా పొగలు కక్కుతుంది. రెండు రకాల వోల్టేజీ ఇచ్చే యూపీఎస్‌లూ వస్తాయి.

గజపతినగరం నుంచి ఒకాయన చెరువు అవతల కోళ్ళ ఫారానికి నెట్ కావాలని రాశారు, ఆయనకీ ఇక్కడే చెప్పేస్తాను. మధ్యలో చెరువో రోడ్డో వేరేవాళ్ళ పొలమో ఉండి తవ్వడానికి వీల్లేకపోతే గాలి దారి తప్పదు. అప్పుడు వాడాల్సింది మాత్రం ఒకదానికొకటి గురిపెట్టే అవుట్‌డోర్ డబ్బాల జత, 5 గిగాహెర్ట్జ్‌వి, రిపీటర్ కాదు. ఇక్కడి నుంచి చూస్తే అక్కడి డబ్బా కంటికి కనబడాలి. కనబడితే చాలదు, ఆ గీత చుట్టూ కూడా ఖాళీ ఉండాలి, రెండువందల మీటర్ల దూరానికి సగం దారిలో గీతకి అన్ని వైపులా మీటరున్నర పైన. గట్టు మీది తుమ్మ చెట్టు వచ్చే ఏడాదికి ఎంత ఎదుగుతుందో కూడా లెక్కేసుకోవాలి. డబ్బాల్ని కదలని ఇనుప పైపుకి బిగించి పైపుకి మంచి ఎర్త్ ఇవ్వండి. చెట్టుకి కట్టొద్దు. అమ్మా, మీకిది అక్కర్లేదు, మీ 52 మీటర్లూ మీ నేలే.

ఒక్క విషయం, పని వరస. పైపు గొయ్యిలో వేసి, ఫైబర్ లాగి, కొనలు అతికించాక వెంటనే పూడ్చేయొద్దు. గదిలో లాప్‌టాప్ తెరిచి కమాండ్ విండోలో 'ping -t' అని, పక్కన హాల్లో రౌటర్ అడ్రసు కొట్టి ఓ పది నిమిషాలు వదలండి. తీగ మీద జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో రావాలి, ఒక్కటీ తప్పకూడదు. తర్వాత ఆ సాయంత్రం క్లాసు అక్కడి నుంచే మొత్తం చెప్పి చూడండి. బాగుంటే మర్నాడు ఇటుకలు పరిచి పూడ్చుకోవచ్చు. ఆ ఒక్క రాత్రికి పశువుల్ని సాల ఇవతలికి రాకుండా కట్టించండి, ఎనిమిదిన్నరకి మీరు చీకట్లో ఇంటికి నడిచి వస్తారు కదా, గొయ్యి పొడవునా కనబడేలా ఒక లైటు పెట్టించండి.